వెన్నును నమ్మక చేసిన గోదావరి ప్రయాణం

విఘ్నాలను తొలగించేవాడు విఘ్నేశ్వరుడు. నాకు కలిగిన విఘ్నం నడుములో ఉన్నది గనుక ముందుగా ఆయనకూ, పిదప ఇసుక తిన్నెలు ఎన్ని అడ్డుపడినా నడక మానని గోదావరీమాతకూ నమస్కరించి ఈ యాత్రను వ్రాస్తున్నాను. స్వస్తిశ్రీ చాంద్రమాన బహుధాన్య నామ సంవత్సర ఫాల్గుణ శుద్ధ దశమీ గురువారంనాడు ఉదయం రాజమహేంద్రవరంలో బయలుదేరి, ద్వాదశీ శనివారంనాడు రావులపాలెంలో ముగించిన మూడు దినాల ప్రయాణం ఇది. దూరం స్వల్పం. కాశీకి పోయి వచ్చినవారు నవ్వవచ్చు. కాని నేను పోయింది తీర్థఫలం కోసం కాదు. నా కాళ్లు నాతో నిజం చెబుతున్నవో లేదో తేల్చుకోవడానికి.

బయలుదేరక ముందు

నా వయస్సు అరవై తొమ్మిది. ఓరియంటల్ పాఠశాలలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు తెలుగూ సంస్కృతమూ చెప్పి విరమించినవాణ్ణి. మూడేళ్ల కిందట నడుము పూసల నడుమ నాడులు సాగే నాళం ఇరుకైపోయింది. వైద్యులు దానిని స్టెనోసిస్ అన్నారు. ఆ వ్యాధి స్వభావం విచిత్రమైనది. నిటారుగా నాలుగడుగులు వేస్తే పిరుదుల నుంచి పిక్కల దాకా కాళ్లు కొయ్యబారేవి. కూర్చుంటే రెండు నిమిషాలలో ఆ బాధ ఎన్నడూ లేనట్లు మాయమయ్యేది. కూర్చోకపోయినా, ముందుకు వంగితే చాలు, సగం పోయేది. కనుక ఈ రోగి ఎంత దూరం నడిచాడన్నది ప్రశ్న కాదు. మధ్యలో కూర్చోకుండా, వంగకుండా, దేనిమీదా ఆనకుండా ఎంత నడిచాడన్నదే ప్రశ్న.

గడచిన భాద్రపదంలో శస్త్రచికిత్స జరిగింది. పూసల వెనుక ఎముకను కొంత తొలగించి నాడులకు చోటు కల్పించారు. వైద్యుడు నా శిష్యులకు శిష్యుడనదగిన వయస్సువాడు. "ఇంక మీరు మైళ్లు నడవచ్చండి మాస్టారూ" అన్నాడు. అదే మాట తన రోగులందరితోనూ అంటాడని మా వీధి మందుల దుకాణంలో విన్నాను. అప్పటి నుంచి ఆ మాట నాకు రుచించలేదు.

నాకు నా కొలత ఒకటి ఉన్నది. యౌవనంలో నేనొక శతకం వ్రాసుకున్నాను. అచ్చుకు ఎక్కలేదు, కంఠంలో మాత్రం నిలిచింది. నడిచేటప్పుడు దానిని మొదటి నుంచి చదువుకుంటూ పోవడం అలవాటు. శస్త్రచికిత్సకు ముందు పదో పద్యం దగ్గర కాళ్లు ఆగిపోయేవి. ఇప్పుడు ఇరవై రెండో పద్యం దగ్గర ఎడమ పాదం తిమ్మిరెక్కుతున్నది. నెల రోజులుగా ఆ ఇరవై రెండు ఇరవై మూడు కాలేదు. ఇంత కోతకూ, ఇన్ని కుట్లకూ, రెండు మాసాల నడికట్టుకూ ఫలం పన్నెండు పద్యాలేనా? ఈ సందేహం నన్ను తినివేస్తున్నది.

సందేహం నాతోనే పోతే ఈ యాత్ర లేదు. రావులపాలెంలో నా చెల్లెలు అన్నపూర్ణ ఉన్నది. అరవై రెండేళ్లది, ప్రాథమిక పాఠశాలలో పనిచేసి విరమించినది, భర్తను పోగొట్టుకున్నది. ఆమెకూ ఇదే వ్యాధి. చూసినదీ ఈ వైద్యుడే. శస్త్రచికిత్సకు ఒప్పుకొనేదీ లేనిదీ సోమవారం లోపల చెప్పమన్నాడు. ఆమె నాకు వ్రాసిన ఉత్తరంలో నాలుగే వాక్యాలు: "నీ మాటమీద ఉన్నాను అన్నయ్యా. నిజంగా బాగుందంటే చేయించుకుంటాను. లేదంటే ఇలాగే వంగి రోజులు గడుపుకుంటాను. నన్ను సంతోషపెట్టడానికి మాత్రం చెప్పకు."

ఆమెకు చెప్పవలసిన మాట నా దగ్గర లేదు. అందుచేత తిన్నగా ఆమె ఇంటికి పోక, ముందు పట్టిసీమ వీరభద్రుని కొండ ఎక్కి, నా కాళ్లను పరీక్షించి, ఆ మీదట ఆమెను చూడాలని నిశ్చయించాను. మా ఇంటావిడ తన తమ్ముణ్ణి నాకు తోడు పంపింది. ఇతడు సూర్యం, తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి విరమించిన అరవై నాలుగేళ్లవాడు. చేతికర్ర తెచ్చి ఇచ్చాడు. కర్ర పట్టుకుంటే మనిషి ముందుకు ఒరుగుతాడు, ఒరిగితే పరీక్ష చెడుతుంది. గుమ్మం పక్కనే పెట్టి వచ్చాను.

కొవ్వూరు బస్సులో

వంతెన దాటి కొవ్వూరులో పట్టిసీమ బస్సు ఎక్కాము. నా పక్కన కూర్చున్న ఆసామి తాళ్లపూడి రైతు. బస్సు కుదుపులకని కట్టుకున్న పాత నడికట్టు చొక్కా కింద నుంచి కనిపించినట్లున్నది.

"వెన్నాండి?" అన్నాడు.

అవునన్నాను.

"చేయించేసుకున్నారా? అయ్యో. మా పెదనాన్నగారు మంచాన పడ్డది అందుకేనండి. వెన్ను జోలికెళ్తే మనిషి ఇంక లేవడండి."

పాఠం ఒప్పజెప్పించుకొనే అలవాటు నాకింకా పోలేదు. "ఏ ఊళ్లో చేయించారు? ఎన్నాళ్లయింది?" అని అడిగాను.

"ఆపరేషను అయితే అవ్వలేదనుకోండి. చెయ్యాలన్నారంతే."

"మరి మంచాన ఎందుకు పడ్డారు?"

"తాటిచెట్టు మీంచి పడ్డారులెండి" అన్నాడు, అది చిన్న వివరమైనట్లు.

సూర్యం కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇతడు అబద్ధికుడని కాదు. రోగం గురించి లోకం చెప్పే మాటలన్నీ ఈ పద్ధతిలోనే పుడతాయేమో అనిపించింది. చెడ్డ మాటలు ఇలా పుడితే, నాకు వినిపిస్తున్న మంచి మాటలు మాత్రం వేరే విధంగా పుట్టాయా?

పట్టిసీమ

శివరాత్రి తీర్థం ముగిసి పది రోజులే అయింది. రేవులో పందిళ్ల వెదుళ్లు విప్పి కట్టలు కడుతున్నారు. మా రాజమండ్రి రేవులలో పండుగ మరునాటికే మునిసిపాలిటీ చీపురు తిరుగుతుంది. ఇక్కడ కొబ్బరి పీచునూ, చెరుకు పిప్పినీ గాలే ఊడుస్తున్నది. నీరు తగ్గి ఉండడం వల్ల పడవ ప్రయాణం కొంత దూరమే. మనిషికి ఐదు రూపాయలు. పడవ దిగిన తరువాత కొండ పాదం దాకా ఇసుక.

ఆ ఇసుకలో సూర్యం ప్రవర్తన నాకు మొదటిసారి అనుమానం కలిగించింది. పడవ దిగి ఎనిమిది పద్యాలు కాలేదు, "బావగారూ, ఒక్క క్షణం. కొబ్బరిబోండాం తాగుదాం" అని తాటాకు పందిరి కింద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. మెట్ల మొదట్లో "కళ్లజోడు తుడుచుకుంటానండి" అని మళ్లీ కూర్చున్నాడు. మెట్ల మధ్యలో "గోదారి ఎంత బాగుందో చూడండి బావగారూ, ఇలా కూర్చుని చూడండి" అన్నాడు. పుట్టినది మొదలు గోదావరి ఒడ్డున బ్రతికినవాడికి హఠాత్తుగా ఇంత సౌందర్యదృష్టి ఎందుకు కలిగింది? మా ఇంటావిడ ఏదో చెప్పి పంపి ఉంటుంది. నన్ను మధ్యమధ్య కూర్చోబెట్టి, ఎక్కానన్న తృప్తి కలిగించి, ఆ తృప్తితో చెల్లెలికి సరేననే మాట చెప్పించాలని అక్కాతమ్ముళ్ల ఆలోచన. నేను కూర్చోలేదు.

మెట్లు ఆగకుండా ఎక్కాను. పైన పూలమ్మే ముసలావిడ, "ఈ వయసులో భలే ఎక్కేసేరు బాబుగారూ!" అన్నది. అర్చకుడు శఠగోపం పెడుతూ, "వెన్నుకి ఆపరేషనయ్యిందా? నమ్మశక్యం కాదండి. ఇదంతా స్వామి దయ" అన్నాడు. సూర్యం ఆయాసపడుతూ వచ్చి, "చూశారా బావగారూ, ఇంక సందేహం ఏవిటండి? అన్నపూర్ణకి చెప్పెయ్యండి" అన్నాడు.

ఆ క్షణం నేనూ పొంగిపోయాను. దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం తిని, రాతి అరుగుమీద కూర్చుని చల్లగాలి అనుభవిస్తున్నాను. అప్పుడు ఒక కుటుంబం మెట్లెక్కి వస్తూ కనిపించింది. పిల్లలు, పెద్దలు అందరూ ముందుకు వంగి ఎక్కుతున్నారు. మెట్లు ఎక్కేవాడు వంగక తప్పదు! వంగడమే కదా నా వ్యాధికి ఉపశమనం? శస్త్రచికిత్స లేకపోయినా ఈ కొండ నేను ఎక్కగలిగి ఉండేవాణ్ణేమో. నా విజయం నిమిషంలో నీరుకారింది. ముసలావిడ మెప్పూ, అర్చకుని ఆశ్చర్యమూ, వీరభద్రుని దయా కూడా సాక్ష్యానికి పనికిరాలేదు.

పరీక్ష దిగడంలో ఉన్నది. దిగేటప్పుడు నడుము వెనక్కు విరుచుకొని నిలుస్తుంది. అదే ఇరుకును మరింత ఇరుకు చేసే భంగిమ. దిగాను. కాళ్లు కొయ్యబారలేదు, కాని ప్రతి మెట్టుకూ పద్యం తెగిపోయి లెక్క తప్పింది. ఇసుకలో కొంత దూరం వచ్చేసరికి వెనుక నుంచి ఎవరో కేక వేశారు.

"పంతులుగారూ! ఓ పంతులుగారూ! చెప్పొదిలేసేరు!"

చూస్తే నా ఎడమ కాలికి చెప్పు లేదు. కొండ దగ్గర నుంచి మా వెనుకే వస్తున్న పడవవాడు దానిని చేత్తో ఎత్తి చూపుతున్నాడు. అతనికీ నాకూ మధ్య అరవై అడుగుల దూరం ఉన్నది. అంత దూరమూ ఫాల్గుణపు ఎండకు కాగిన ఇసుకలో ఉత్త కాలితో నడిచాను, నా పాదానికి తెలియలేదు.

"ఏవిటండి, కాలడం లేదా?" అన్నాడు సూర్యం, భయంగా.

వెనక్కి నడిచి చెప్పు తీసుకున్నాను. ఆ పాదంలో ప్రాణం సగమే తిరిగి వచ్చింది. ఇది ఏ వైద్యుడూ నాకు చెప్పలేదు, నేను అడగనూ లేదు.

కొవ్వూరు సత్రం

సాయంకాలం కొవ్వూరులో మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పులు కొన్నాను, నూట పది రూపాయలు. దుకాణదారు అవి చిన్నపిల్లలూ పోలీసులూ తొడిగేవన్నాడు. సత్రంలో వేడి అన్నం, వంకాయ అల్లంకారం కూర, చారు, మజ్జిగ పెట్టారు. కొవ్వూరువారి చారులో బెల్లం మా ఇంటి చారులో కంటె ఎక్కువ. సూర్యం రెండుమార్లు వడ్డించుకున్నాడు. నేను మనస్సులో చెల్లెలికి చెప్పవలసిన వాక్యం కూర్చుకొని కొట్టివేస్తూ ఉండిపోయాను. "వద్దు" అన్న మాటవైపే తూగుతున్నది.

విజ్జేశ్వరం, ఆనకట్ట మీద

మరునాడు ఏకాదశి. నేను అన్నం ముట్టను. కాఫీ తాగి బయలుదేరాను. బొబ్బర్లంక పోయే బస్సు విజ్జేశ్వరం దగ్గర, సరిగా ఆనకట్ట మొదట్లో, పెద్ద చప్పుడుతో టైరు పగిలి ఆగింది. వేరే టైరు రావడానికి గంట పడుతుందన్నారు. ప్రయాణికులు తుమ్మచెట్ల కింద చతికిలబడ్డారు. నాకు ఎదురుగా ఆనకట్ట తిన్నగా, సమతలంగా, ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా పడి ఉన్నది. ఇంతకంటె మంచి పరీక్షాస్థలం దొరకదు.

"నేను నడుస్తాను" అన్నాను.

"బావగారూ, బస్సు వస్తుందండి..."

"నువ్వు బస్సులో రా."

నడుము నిటారుగా నిలిపి, చేతులు వెనక్కి కట్టుకొని, శతకం మొదటి పద్యం ఎత్తుకున్నాను. ఒక పక్క నిండుగా నిలిచిన నీరు, మరొక పక్క రాళ్ల మధ్య సన్నని ధారలు. పైన పొడుగునా ఇనుప తలుపులు, ప్రతి తలుపుమీదా తెల్లరంగుతో అంకె. కొంత దూరం పోయేసరికి చేతిలో గ్రీజు డబ్బాతో ఒక ఖాకీ చొక్కా మనిషి నా వెంట నడుస్తున్నాడు. ఆనకట్ట లస్కరు, అనగా తలుపులు ఎత్తి దింపే ఉద్యోగి. యాభై దాటినవాడు. పేరు యేసురత్నమని తరువాత చెప్పాడు.

"మీ గొంతు బాగుందండి" అన్నాడు పద్యం ముగియగానే. "పద్యం చాలా పొడుగండి."

"నాలుగు పాదాలే" అన్నాను.

"నాలుగే కావచ్చండి. మీరు ఎత్తుకున్నది ఆ తలుపు కాడ. ఆపింది ఈ తలుపు కాడ. ఐదు తలుపులు దాటేసేరు."

నేను వెనక్కి తిరిగి చూశాను. అతడు చెప్పిన అంకె కనిపిస్తూనే ఉన్నది.

"మా గుళ్లో మట్టలాదివారం ఊరేగింపులో ఇదే తంతండి" అన్నాడు యేసురత్నం. "మా పాస్టరుగారు సాగదీసి పాడిస్తే గుడి కాడ్నుంచి రేవు దాకా ఒకే పాట సరిపోద్ది. కుర్రోళ్లు ఎత్తుకున్నారనుకోండి, మూడు పాటలైపోయినా రేవు రాదు. అందుకే ఎన్ని పాటలు పాడేం అని లెక్కెట్టుకోమండి మేము."

నేను నిలిచిపోయాను. కాళ్లు ఆపినందువల్ల కాదు.

శస్త్రచికిత్సకు ముందు నేను ఆ పద్యాలను ఎలా చదివాను? పళ్లు బిగబట్టి, ఎప్పుడు ముగుస్తుందా అని గొణుక్కుంటూ చదివాను. రాగం తీయడానికి ఊపిరి ఎక్కడిది? ఇప్పుడో? ప్రతి పాదం చివర రాగం సాగదీస్తూ, ఇష్టమైనచోట తిరగదీస్తూ పాడుతున్నాను. ఈ మార్పు ఏనాడు వచ్చిందో నేను గమనించనే లేదు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు గణాలూ యతులూ లెక్కపెట్టించినవాణ్ణి, పద్యం చదవడానికి పట్టే కాలం పద్యంలో ఉండదని మరచాను.

"మీరు ఒకసారి చూస్తూ ఉండండి" అని యేసురత్నంతో చెప్పి, రెండో పద్యాన్ని పాత పద్ధతిలో, రాగం లేకుండా, పాత నడకలా చిన్న అడుగులు వేస్తూ చదివాను. ముగిసేసరికి ఒక్క తలుపు దాటాను.

అప్పుడు లెక్క వేసుకున్నాను. అప్పటి పది పద్యాలు పది తలుపుల దూరం. ఇప్పటి ఇరవై రెండు పద్యాలు నూరు తలుపులకు మించిన దూరం.

వెంటనే సంతోషించానని వ్రాస్తే అది అబద్ధం. మొదట కలిగిన ఆలోచన ఇది: ఈ లస్కరుకు సూర్యం ఏమైనా చెప్పి ఉంటాడా? బస్సు దిగినప్పుడు సూర్యం అటువైపు పోలేదు కదా? టైరు పగలడం కూడా ఏర్పాటేనా? అంతలో నాకే సిగ్గు వేసింది. అంకెలను ప్రభుత్వం వేయించింది. వాటిని నా కోసం ఎవరూ దిద్దలేదు. అయినా యేసురత్నానికి నమస్కారం పెట్టి పంపివేసి, ఎవరి కళ్లూ లేకుండా మరి ఐదు పద్యాలు నడిచి, ప్రతిసారీ అంకె చూసుకున్నాను. నాలుగు, ఐదు, ఐదు, ఆరు, ఐదు. కాళ్లు కొయ్యబారలేదు. పాదం తిమ్మిరెక్కడానికి ఇంకా చాలా దూరం ఉన్నదని తెలుస్తున్నది. టైరు మార్చుకున్న బస్సు వచ్చి నన్ను ఎక్కించుకున్నది.

ఆత్రేయపురం

ఆత్రేయపురంలో దిగి చెల్లెలికి పూతరేకులు కొన్నాము. ఒక ఇంటి వసారాలో ఒకావిడ బోర్లించిన కుండ కింద తాటాకు మంట పెట్టి, పలచని బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ వీపుమీద ఒక్క విసురు విసిరి, పొరను కాగితంలా ఎత్తి పక్కన పెడుతున్నది. ఒక్కొక్క పూతరేకు మూడు రూపాయలు. అది బియ్యంతో చేసినది గనుక ఏకాదశినాడు నాకు నిషిద్ధం. సూర్యం నా వంతు కూడా తిన్నాడు.

"రోజంతా ఇలా వంగి కూర్చుంటే నడుము నొప్పి రాదా అమ్మా?" అని అడిగాను.

"వంగితే హాయేనండి. లేచి నుంచుంటేనే పేణం పోద్ది" అన్నది ఆమె చెయ్యి ఆపకుండా.

నేను ఉలిక్కిపడి, ఎన్నాళ్ల నుంచి, కాళ్లు తిమ్మిరెక్కుతాయా, ఒకసారి రాజమండ్రిలో చూపించుకో అని నాలుగు మాటలు చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "తవరికి డాట్రుగారేవైనా కమీషనిత్తారాండి?" అన్నది. వసారాలో ఉన్న ఆడవాళ్లందరూ నవ్వారు. అనుమానం నా ఒక్కడి సొత్తు కాదని తెలిసింది.

తిరిగి రోడ్డుకు నడుస్తుండగా సూర్యం మళ్లీ ఒక తూముగట్టు మీద కూర్చున్నాడు. ఇక సహించలేకపోయాను.

"మీ అక్క నీకు ఏం చెప్పి పంపింది? నిజం చెప్పు. నన్ను ప్రతి ఫర్లాంగుకూ కూర్చోబెట్టమన్నదా?"

అతడు తెల్లబోయాడు. పంచె మోకాలిపైకి తీసి చూపాడు. కుడి మోకాలు గుమ్మడిపిందెలా ఉబ్బి ఉన్నది.

"ఏడాదైంది బావగారూ. మెట్లెక్కితే చచ్చిపోతున్నాను. మీతో చెప్తే ఆపరేషనంటారని భయం. అక్కయ్య ఏమీ చెప్పలేదండి. మీరు జారిపడకుండా చూడమంది, అంతే."

నిన్న కొండ ఎక్కినంతసేపూ ఈ మనిషి తన నొప్పిని దాచుకుంటూ నా వెనుక వచ్చాడు. నేను నేరం మోపుతూ ముందు నడిచాను. మిగిలిన దూరం అతని సంచీ నేను మోశాను. "వద్దండి, మీ నడుము..." అన్నాడు. నేను వినలేదు.

రావులపాలెం

చీకటి పడకముందే రావులపాలెం చేరాము. అరటికాయల మార్కెట్టు దాటి పోవాలి. సైకిలుకు రెండు వైపులా గెలలు కట్టి, ఎక్కి తొక్కకుండా, హాండిలు మీద ఒరిగి తోసుకుంటూ మనుషులు వరుసగా వస్తున్నారు. ఆ వరుసలో చివర, గెలలు లేని ఒక పాత మగ సైకిలును తోసుకుంటూ, కూరల సంచి హాండిలుకు తగిలించుకొని, నేతచీర కట్టుకున్న ఒక పెద్దావిడ వస్తున్నది. అది నా చెల్లెలు.

"ఏవిటే ఇది?" అన్నాను.

"మీ బావగారి సైకిలు. నాకు తొక్కడం రాదు, తొయ్యడం వచ్చు. ఇది లేకపోతే వీధి గుమ్మం దాటలేను అన్నయ్యా. ఊళ్లో అందరూ నన్ను సైకిలు పంతులమ్మంటున్నారు" అని నవ్వింది.

నాకు ఆనందబాష్పాలు కావు, వేరేవి వచ్చాయి. ఒకప్పుడు ఆమె బళ్లో ప్రార్థన మొదలు చివరి గంట దాకా నిలబడి ఉండేది.

ఇంటికి పోయి చక్కెరకేళీ పండ్లూ పాలూ నాకు పెట్టి, సూర్యానికి వడ్డించి, నా ఎదుట పీట వేసుకొని కూర్చున్నది.

"చెప్పు."

"నిన్న పట్టిసీమ మెట్లెక్కాను..."

"మెట్ల సంగతి చెప్పకు. మెట్లు నేనూ ఎక్కుతాను. దిగడం చెప్పు."

చెప్పాను. చెప్పు పోయిన సంగతి చెప్పాను. ఆనకట్ట మీద తలుపుల సంగతి చెప్పాను. ఆమె మొహంలో నమ్మకం కనిపించలేదు.

"ఎవరో లస్కరు చెప్పాడని, నువ్వు పాటలు పాడుకుంటూ నడిచావని, నేను వెన్ను కోయించుకోవాలా?"

"రేపు పొద్దున్న నాతో రా. పాడను. నువ్వే చూడు."

ద్వాదశి

తెల్లవారాక, పారణకు ముందే, కాలువగట్టు వెంట బయలుదేరాము. నేను నిటారుగా, ఉత్త చేతులతో. ఆమె నా పక్కన సైకిలు తోసుకుంటూ, మాటిమాటికీ నా నడుమువైపూ మోకాళ్లవైపూ పరీక్షాధికారిలా చూస్తూ. కొంత దూరం పోయాక ఆమె అకస్మాత్తుగా సైకిలును ఒక కరెంటు స్తంభానికి ఆనించి, "ఇప్పుడు నేనూ ఇది లేకుండా" అని నా పక్కన నడవసాగింది. నలభై అడుగులు కాలేదు. ఆగిపోయి, మోకాళ్లమీద చేతులు పెట్టుకొని వంగిపోయింది.

"నువ్వు ఆగకు" అన్నది వంగే. "పో. నేను చూస్తాను."

పోయాను. తూము దాటి, అరటితోట దాటి, ఆమె చిన్న బొమ్మలా కనిపించేదాకా పోయి తిరిగి వచ్చాను. వచ్చేసరికి ఎడమ పాదంలో తిమ్మిరి మొదలైంది. అదీ చెప్పాను.

"అయితే పూర్తిగా పోలేదన్నమాట."

"పోలేదు. ఆ పాదానికి ఇసుక వేడి తెలియదు. వర్షం పట్టినప్పుడు కుట్లచోట లాగుతుంది. మూడు వారాలు నేను ఒకరి సాయం లేకుండా మంచం దిగలేదు. అప్పుడు చచ్చిపోతే బాగుండుననుకున్నాను. వైద్యుడు మైళ్లు నడుస్తావంటాడు. అది నమ్మకు. నీకు నాకంటె తక్కువ రావచ్చు. ఏమీ రాకపోవచ్చు కూడా."

"ఇన్ని చెప్పి, నన్ను వద్దంటున్నావా?"

"లేదు. ఇన్నీ తెలిసి మళ్లీ ఆ బల్లమీద పడుకోమంటే నేను పడుకుంటాను. అంతవరకే నా మాట."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. నిన్నటి వరకు నేను లోకాన్ని చూసిన చూపే అది.

"ఈ మాట వదినగారు నేర్పింది కాదు కదా?" అన్నది.

"మీ వదిన ఇంత చెడ్డగా చెప్పనివ్వదు" అన్నాను.

అప్పుడు నవ్వి, సైకిలు దగ్గరకు నా భుజం పట్టుకొని నడిచింది. చేయించుకుంటాననీ అనలేదు, మానుతాననీ అనలేదు. నేనూ అడగలేదు. ఇంటికి వచ్చి పారణ చేశాము: పెసరపప్పు, అవిసాకు కూర, మామిడల్లం పచ్చడి. మధ్యాహ్నం బస్సులో సూర్యమూ నేనూ రాజమహేంద్రవరం చేరాము.

సోమవారంనాడు అన్నపూర్ణ వైద్యునికి తన సమ్మతి తెలియజేసింది. ప్రమాది నామ సంవత్సర చైత్ర బహుళ పంచమీ సోమవారంనాడు ఆమెకు శస్త్రచికిత్స జరిగింది. కుట్టు ఒకచోట చీము పట్టి పదకొండు రోజులు అదనంగా ఆసుపత్రిలో ఉన్నది. నిజ జ్యేష్ఠ శుద్ధ పంచమీ శుక్రవారంనాడు, ఉదయం, ఆమె సైకిలు లేకుండా తన ఇంటి నుంచి అరటికాయల మార్కెట్టు దాకా నడిచి, ఒక డజను చక్కెరకేళీలు కొనుక్కొని, దారిలో ఒకసారి మాత్రమే కూర్చుని ఇల్లు చేరింది.